కోట లోపలి పక్షం అడిగిన సార్

ముందుగా క్షమాపణలు. చరిత్ర అధ్యాపకులకు, గోల్కొండలో గైడ్లుగా పనిచేసే పెద్దలకు, గతంలో ఏ యుద్ధంలోనైనా ఏ పక్షాన అయినా ప్రాణాలొదిలిన సైనికులకు, వారి గుర్రాలకు, ఎడ్లకు, ముఖ్యంగా ఎడ్లకు, ఈ రాసేవాడు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు. ఇందులో భాష తగినంత గంభీరంగా ఉండదు. మహనీయుడు, మార్గదర్శి, తీరని లోటు అనే మాటలు రావు. అవి మిగతా సభ్యులు గ్రూపులో ఇప్పటికే రాసేశారు, కొందరు రెండేసిసార్లు రాశారు. నా వంతుకి చిల్లర విషయాలే మిగిలాయి.

మా సార్ పోయారు.

ఆ కబురు వచ్చేసరికి నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద ఇడ్లీ బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. సార్ ఖాతా నుంచే గ్రూపులో ఒక సందేశం కనిపించింది. 'ఈ తెల్లవారుజామున మావారు కాలం చేశారు. మీ అందరికీ చెప్పమనేవారు కాబట్టి చెబుతున్నాను.' మేడమ్ రాసిన మాటలవి. చదివిన వెంటనే మావాళ్లకి కలిగింది దుఃఖం కాదు, అనుమానం. ఎందుకంటే సార్ ఒకసారి ఆటలో తన సేనాపతి చచ్చిపోయాడని గ్రూపు మొత్తాన్నీ నమ్మించి, ఎదుటివాళ్లు సంబరాల్లో మునిగి ఉండగా వెనకనుంచి వచ్చి వాళ్ల ధాన్యపు కొట్లు తగలబెట్టారు. ఒకడు 'మంచి ఎత్తు సార్' అని రాసేసి, తర్వాత చెరిపేశాడు. వాడి పేరు చెప్పను. వాడు ఇప్పటికీ సిగ్గుతో ఆట ఆడటం లేదు.

నేను మేడమ్‌కి ఫోన్ చేసి మాట్లాడి పెట్టేశానో లేదో, గ్రూపులోని సిరిసిల్ల అన్న నుంచి ఫోను.

"తమ్మీ, గిది నిజమేనా? సార్ నకరాలు జేస్తలేడు గదా?"

"నిజమే అన్నా. ఇప్పుడే మేడమ్‌తో మాట్లాడిన."

అటువైపు కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. తర్వాత, "జర ఆగు, కస్టమర్ ఉన్నడు" అని పెట్టేశాడు. ఆ వేళకి ఆయన షాపు షట్టరు ఇంకా సగమే లేచి ఉంటుంది. కస్టమర్ ఎవరూ ఉండరు.

బయటివాళ్ల కోసం కొంచెం వివరం చెప్పాలి. మాది కోటలు, ముట్టడులు ఆడుకునే ఆన్‌లైన్ గ్రూపు. పాత యుద్ధమొకటి తీసుకుంటాం. ఒకరు కోట లోపలి పక్షం, ఇంకొకరు బయటి పక్షం. మీరొక ఎత్తు వేసి ఆఫీసుకి పోవచ్చు. ఎదుటివాడు తన తీరిక చూసుకుని జవాబు వేస్తాడు. ఒక్కో ముట్టడి నెలల తరబడి సాగుతుంది. ఆట ఇంత నెమ్మది కాబట్టి, ఎత్తుకీ ఎత్తుకీ మధ్య దొరికే ఖాళీ అంతా వాదనకి పోతుంది. నిజం చెప్పాలంటే ఆట సాకు, వాదనే అసలు సరుకు. యుద్ధంలో ఏనుగులు బలమా బరువా అని పొద్దున మొదలైన చర్చ మధ్యాహ్నానికి 'మీ జిల్లావాళ్లంతా ఇంతే' దగ్గరికి, సాయంత్రానికి ఎవరి పెళ్లిలోనో ఎవరికో వడ్డించని పెరుగన్నం దగ్గరికి చేరుతుంది. దాన్ని అదుపులో పెట్టే ఉద్యోగం నాది. మోడరేటర్ అంటారు. జీతం లేదు, సెలవు లేదు, గౌరవం అసలే లేదు. ఇన్నేళ్లలో ఈ గ్రూపులో వాదన గెలిచినవాణ్ని నేను చూడలేదు. అలిసిపోయినవాళ్లని మాత్రం చాలామందిని చూశాను. అందులో నేను సీనియర్ని.

ఆ ఉద్యోగం నాకిచ్చింది సారే. "మీరు ఎవరినీ పట్టించుకోరండీ. తగిన మనిషి మీరే" అన్నారు. ఇంతవరకు నాకొచ్చిన ప్రమోషన్ అదొక్కటే.

సార్ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో డేటాబేస్ పాఠాలు చెప్పేవారు. బోర్డు మీద బోర్డు, దాని మీద ఇంకో బోర్డు, వాటన్నిటి వెనకాల ఎక్కడో ఒక మెట్లదారి ఉంటుందే, అలాంటి భవనంలో మూడో అంతస్తు. కాలేజీలో నాలుగేళ్లు చదివి, ఆ నాలుగేళ్లలో ఏం నేర్చుకోవాల్సిందో అది నేర్చుకోవడానికి డబ్బు కట్టి వచ్చిన లక్షలమందిలో నేనూ ఒకణ్ని. మొదటి రోజు సార్ బోర్డు మీద ఖాళీ పట్టిక గీసి, "గిడ్డంగి ఖాళీగా ఉంటే రాజు గారు ఎంత గట్టిగా కేకేసినా గింజ రాదండీ. మీ ప్రోగ్రామూ అంతే" అన్నారు. నాకు డేటాబేస్ అర్థం కాలేదు గానీ ఆ రాజు మీద జాలేసింది. క్లాసయ్యాక ఆ రాజెవరని అడిగాను. ఆ అడగడమే నా పతనానికి నాంది. వారం తిరక్కముందే గ్రూపులో ఉన్నాను.

సార్ తెనాలి వైపు నుంచి వచ్చి ఎప్పుడో పంజాగుట్టలో అద్దెకి దిగి, చివరికి అదే వీధిలో ఫ్లాటు కొనుక్కున్న మనిషి. వానైనా ఎండైనా చేతిలో గొడుగుండాలి. ఆ గొడుగు వానకి విప్పగా నేను చూడలేదు. దాని మొనతో పటాలు గీసేవారు. ఫుట్‌పాత్ మీద, క్లాసులో సుద్దపొడి మీద, పార్కింగ్‌లో ఆగి ఉన్న కార్ల దుమ్ము మీద. ఒకసారి ఆ కారాయన వచ్చి, "ఏం చేస్తుండ్రు సార్ నా బండి మీద?" అని అడిగితే, "మీది ఉత్తరం బురుజండీ, కదపకండి" అన్నారు. ఆయన నిజంగానే కాసేపు కదపలేదు.

ఉప్మాలో పంచదార వేసుకునేవారు. అందరినీ గారు అనేవారు, విద్యార్థుల్ని కూడా. తిట్టినా గారు తగిలించే తిట్టేవారు. 'మీ వాదన చదివానండీ మందమతి గారూ' అని గ్రూపులో ఆయన నన్ను సంబోధించిన సందర్భాలు ఉన్నాయి. క్లుప్తత అనేది ఆయన వంశంలో లేదు. 'సరే' అనడానికి రెండు పేరాలు పట్టేది. ఎవరు ఏ యుద్ధ వ్యూహం చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "బాగుందండీ, ఎద్దు ఏం తింది?" సైన్యం నడవాలంటే బండి నడవాలి, బండి నడవాలంటే ఎద్దు మేయాలి. "రాజు దగ్గర మొదలుపెడితే పొగడ్త వస్తుందండీ. ఎద్దు దగ్గర మొదలుపెట్టండి, చరిత్ర వస్తుంది" అనేవారు. ఆయన చెప్పిందంతా ఒప్పని నేను అనను. గుర్రాల విషయంలో ఆయన ఘోరంగా పొరబడేవారని గుర్రం గురించి ఏమీ తెలియని నాకే తెలిసిపోయేది. ఎద్దుల మీద అభిమానం కొద్దీ గుర్రాలకి అన్యాయం చేశారు.

గ్రూపులో ఒక ఆచారం ఉంది. పెట్టింది సారే. వాదనలో ఎవరైనా తనది తప్పని గ్రహిస్తే, 'ఒప్పుకుంటున్నాను' అని రాయక్కర్లేదు. ఆ మాట రాయగలిగిన మగాడు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా పుట్టలేదని సార్ నమ్మకం. బదులుగా, తర్వాతి ఆటలో ఎదుటివాడి మాటని నిలబెట్టే పక్షం అడిగి తీసుకోవాలి. కోట నిలబడదని వాదించినవాడు కోట లోపల కూర్చుని దాన్ని కాపాడాలి. ఊరికే ఓడిపోకూడదు, ప్రాణం పెట్టి కాపాడాలి. ఎవరూ ఏమీ అనరు, ఎవరూ నవ్వరు. పేరు పక్కన పక్షం మారడం చూస్తే అందరికీ అర్థమవుతుంది. "నోటితో ఒప్పుకున్నవాడు మర్నాడు మర్చిపోతాడండీ. ఎదుటివాడి కోటలో నెల్లాళ్లు ఉన్నవాడు మర్చిపోడు" అనేవారు సార్.

ఇక సిరిసిల్ల అన్న. నేతపని చేసే ఇంట్లో పుట్టి, పంజాగుట్టలో సూట్లు కుట్టే షాపు నడుపుతున్నాడు. సార్‌కి సరైన జోడీ గ్రూపు మొత్తంలో ఆయన ఒక్కడే. సార్ ఇంటికీ ఆయన షాపుకీ మధ్య ఒక సిగ్నలు, రెండు సందులు. ఇద్దరూ ఏళ్ల తరబడి రోజూ కొట్టుకున్నారు గానీ, ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడలేదు. చూస్తే గౌరవం ఇవ్వాల్సి వస్తుందని భయం కాబోలు.

తగువు గోల్కొండ దగ్గర వచ్చింది. ఎప్పటికైనా వస్తుందని నాకు తెలుసు. అందుకే ఆ ముట్టడి ఆటని వీలైనన్నాళ్లు వెనక్కి నెడుతూ వచ్చాను. అన్న రాసింది ఇది: 'ఢిల్లీ ఫౌజోళ్లు ఎనిమిది నెలలు బయట కూసున్నరు సార్. వాళ్లు పెట్టిన మందు వాళ్ల మీదికే పేలింది. వానలకు డేరాలు కొట్టుకపోయినయ్. తిండి లేక సచ్చిండ్రు. లోపల్నుంచి దర్వాజ తీసినోడు లేకుంటే కోట పడకపోతుండె.'

సార్ జవాబు, నేను బాగా కుదించి చెబుతున్నాను: 'తలుపు తియ్యకపోతే ఇంకో నాలుగు నెలలండీ సిరిసిల్ల గారూ. వానలు వెళ్తాయి. నేల గట్టిపడితే ఎడ్లు నడుస్తాయి. ఎడ్లు నడిస్తే ధాన్యం వస్తుంది, ఫిరంగులు వస్తాయి. తలుపు తీసినవాణ్ని మనం అనవసరంగా పెద్దవాణ్ని చేస్తున్నాం.'

వారాలు గడిచాయి. ఎడ్లు నడుస్తూనే ఉన్నాయి, దర్వాజ తెరుచుకుంటూనే ఉంది. నేను ఇద్దరి మధ్యా జోకులు విసురుతూ అలిసిపోయాను. ఒకరోజు అన్న విసుగెత్తి రాశాడు: 'బయట్నుంచొచ్చి కూసున్నోళ్లకు దర్వాజ తీసినోడు మంచిగనే కనిపిస్తడు లే సార్.'

సార్ పేరు పక్కన ఆయన ఏదో టైపు చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి. పోయాయి. మళ్లీ వచ్చాయి. మూడు పేరాలు వస్తాయనుకున్నాం. ఒక్క ముక్క వచ్చింది.

'బట్టలు కొలిచే టేపుతో కోటలు కొలవకండి.'

గారు లేదు.

ఆ సాయంత్రమే అన్న గ్రూపు వదిలేశాడు. ఆయనతో పాటు సగంమంది లేచి, వేరే గ్రూపు పెట్టుకున్నారు. నాది సూర్యాపేట. హైదరాబాద్‌కీ విజయవాడకీ నడుమ బస్సులు టీకి ఆగే ఊరు కాబట్టి నన్ను రెండు గ్రూపులూ ఉంచుకున్నాయి, రెండూ అనుమానించాయి. అవతల జోకేస్తే ఇవతల గూఢచారినన్నారు, ఇవతల జోకేస్తే అవతల. కొన్నాళ్లకి రెండు చోట్లా జోకులు మానేసి, దండం పెట్టే బొమ్మలు పంపుతూ కాలక్షేపం చేశాను.

వానాకాలంలో సార్‌కి గుండె బలహీనపడింది. ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. నా షిఫ్టు సాయంత్రం మొదలవుతుంది కనుక మధ్యాహ్నాలు వెళ్లి కూర్చునేవాణ్ని. కళ్లజోడు పెట్టుకున్నా ఫోనులో అక్షరాలు ఈదుతున్నాయనేవారు. మొదటి రోజు అటూ ఇటూ చూసి, మేడమ్ బయటికి వెళ్లాక, గొంతు తగ్గించి అడిగారు.

"అవతలి గ్రూపులో ఏమంటున్నారండీ?"

నేను ఫోను తీసి, మర్యాదగా సవరించి చదివాను. "సార్ లెక్కల్లో ఎడ్ల మేత విషయం మరొకసారి పరిశీలించాల్సి ఉందని..."

"ఆయన అలా రాయరు. సరిగ్గా చదవండి."

"సార్, మీకు బీపీ..."

"చదవండి."

చదివాను. "'గా ముసలాయనకు ఎద్దు సంగతి ఏం తెలుసు? పెరుగు ప్యాకెట్ల వస్తదనుకుంటడు.'"

సార్ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గక నర్సు పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టింది. ఆమె వెళ్లాక కళ్లు తుడుచుకుంటూ, "ఇవాళ పొద్దుట్నుంచి ఇచ్చిన మందుల్లో పనిచేసింది ఇదేనండీ" అన్నారు. ఇంకొంచెం చదివించుకున్నారు. తర్వాత పైకప్పు కేసి చూస్తూ అన్నారు.

"ఆ టేపు మాట నేను అనకుండా ఉండాల్సింది."

"ఆ మాట ఆయనకి చెప్పండి సార్."

"చెప్పడం కాదండీ. ఆడతాను. గోల్కొండ మళ్లీ పెట్టమనండి. లోపలి పక్షం నాకిమ్మనండి."

ఆయనకి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. కోట ఎలాగూ పడేదని అన్ని నెలలు వాదించిన మనిషి, ఆ కోట లోపలికి వెళ్లి కూర్చుంటానంటున్నారు. బయటికి వస్తే వరండాలో మేడమ్ నిలబడి ఉన్నారు.

"బాబూ, ఈయన నిద్రలో కూడా ఆ దర్జీ గారితోనే మాట్లాడుతున్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా నాతో ఎప్పుడూ అంత మాట్లాడలేదు. వాళ్లిద్దరికీ ఎలాగోలా రాజీ చెయ్యకూడదూ?"

"డాక్టరు గారు ఏమన్నారు మేడమ్?"

"ఏమీ అనట్లేదు. వాళ్లేమీ అనకపోతే ఏంటో నీకు తెలుసుగా."

ఆ రోజే అన్న షాపుకి వెళ్లాను. అన్న మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఎవరి పెళ్లి కోటుకో భుజాలు గుర్తు పెడుతున్నాడు. నేను విషయమంతా చెప్పాను. సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, నిదానంగా అన్నాడు.

"ఆట పక్కకు పెట్టు తమ్మీ. గోల్కొండ గురించి ఎన్నన్నా అననీ, నాకు ఫికర్ లేదు. నా పనిని అన్నడు. మా నాయిన మగ్గం మీద కూసొని నన్ను సదివిచ్చిండు. గీ టేపే మా ఇంట్ల అన్నం. అందరి ముంగట అన్నడు, అందరి ముంగటనే వాపస్ తీస్కోవాలె. రాసి తీస్కోవాలె."

"నువ్వు సుత 'బయట్నుంచొచ్చినోళ్లు' అన్నవు గదన్నా."

దారం పళ్లతో కొరికాడు. "అన్నది నిజమే. తప్పే. సార్ రాస్తె నేను సుత రాస్త."

"సార్‌కి బాగాలేదన్నా."

"ఎంత బాగాలేదు?"

"మేడమ్ భయపడుతున్నరు."

సుద్దముక్కతో కోటు మీద గీత గీయబోయి ఆగాడు.

"అయినా రాయాలె తమ్మీ. బాగాలేదని నేను ఇడిచిపెడితె గది మాఫీ అయితదా? జాలి అయితది. సార్‌కు జాలి నచ్చది."

అమీర్‌పేట వైపు నడుచుకుంటూ వచ్చాను. ఫ్లైఓవరు కింద బండ్లన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ మంచివాళ్లే. ఇలాంటి తగువుల్లో మధ్యవర్తికి మిగిలేది కాళ్ల నొప్పులొక్కటే.

మర్నాడు సార్‌కి చెప్పాను, అన్న రాతపూర్వకంగా కావాలంటున్నాడని. సార్ తల ఊపారు. "న్యాయమేనండీ. రాయండి, నేను చెబుతాను" అన్నారు. ఆయన ఫోనే తీసుకుని కూర్చున్నాను.

మొదటి ప్రయత్నం గొప్పగా మొదలైంది. మూడో వాక్యానికి వానాకాలపు బురదలో దిగబడింది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి రెండో వాక్యం పూర్తికాకముందే బండ్లు బయల్దేరాయి.

"సార్, క్షమాపణలోకి ఎడ్లు వచ్చేస్తున్నాయి."

"వస్తాయండీ. వాటి తిండి సంగతి ఇంకా తేలలేదు కదా."

"సార్, ఆయన అడిగింది టేపు గురించి. టేపు దగ్గర ఆపేద్దాం."

"ఆపేస్తే గోల్కొండ సంగతి కూడా ఒప్పేసుకున్నానని అనుకోరూ?"

"లోపలి పక్షం అడుగుతున్నారు కదా సార్. అంటే ఒప్పుకోవడమే కదా?"

"లోపల కూర్చుంటానన్నాను. నోరు మూసుకుని కూర్చుంటానని అనలేదండీ" అన్నారు.

ఆయనకి ఆయాసం వచ్చేది. ఒక ముక్క చెప్పి, ఊపిరి తీసుకుని, ఇంకో ముక్క చెప్పేవారు. నేను టైపు చేస్తూ ఆయన రొమ్ము ఎగసిపడటం చూస్తున్నాను. చివరికి కళ్లజోడు తీసేసి, "అయిపోయిందండీ, పంపించేయండి" అన్నారు. ఆ మధ్యాహ్నం గ్రూపులో సార్ ఖాతా నుంచి కనిపించి, నా చేతి మీదుగా అవతలి గ్రూపుకీ చేరిన సందేశం అందరూ చూసిందే:

'సిరిసిల్ల గారూ, మీ టేపు గురించి నేనన్న మాట తప్పు, అందరి ముందూ అన్నాను కనుక అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాను. గోల్కొండ మళ్లీ ఆడదాం, ఈసారి లోపలి పక్షం నాకివ్వండి.'

కోటు సంగతి ఏమైందో గానీ, అన్న జవాబు వెంటనే వచ్చింది. ముందు పాత గ్రూపులో మళ్లీ చేరాడు. 'సార్, బయటోళ్లన్న మాట నేను సుత వాపస్ తీస్కుంటున్న. ఇన్నేండ్ల సంది ఉన్నోడు బయటోడెట్లయితడు. లోపలి పక్షం మీదే. గట్టిగ ఆడుండ్రి, నేను జర సుత ఇడిచిపెట్ట.' ఆయన వెనకాలే మిగతావాళ్లు ఒక్కొక్కరే, ఏమీ జరగనట్టు, సినిమా హాల్లో ఆలస్యంగా వచ్చినవాళ్లలా తలలు వంచుకుని వచ్చి కూర్చున్నారు.

సార్ ఆడారు. ఎత్తు ఆయన చెబితే నేను వేసేవాణ్ని. కొన్నాళ్లకి ఇంటికి తీసుకొచ్చేశారు, అక్కడికీ వెళ్లేవాణ్ని. ఊరికే ఆడలేదు. లోపలి ధాన్యం రోజుకి ఇంతని కొలిచి ఇచ్చారు, బావుల దగ్గర కాపలా పెట్టారు, గుమ్మాల దగ్గర మనుషుల్ని మార్చి మార్చి నిలబెట్టారు. "ఎవర్నీ ఒకేచోట ఎక్కువ రోజులు ఉంచకూడదండీ, విసుగొస్తే మనిషి దేనికైనా తెగిస్తాడు" అన్నారు. గ్రూపు మోడరేటర్‌గా ఆ మాట నాకు బాగా నచ్చింది. అన్న కూడా మాట ప్రకారం జర సుత విడిచిపెట్టలేదు. ఇద్దరూ రోజుకో ఎత్తు వేసుకుంటూ, ఎత్తుకొక వెటకారం జోడిస్తూ, ఎంత సంతోషంగా ఉన్నారంటే నాకు అసూయ వేసింది. ఆట పూర్తికాలేదు. సార్ పోయేనాటికి కోట పడలేదు. అంతవరకే చెప్పగలను. ఇంకో నాలుగు నెలలు ఉంటే ఏమయ్యేదో మళ్లీ మొదలుపెట్టకండి, దండం పెడతాను.

పదకొండో రోజున సార్ వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లారులో కుర్చీలు వేశారు. గ్రూపువాళ్లం ఒక మూల కూర్చున్నాం. ఒకరి పేర్లు ఒకరికి తెలియక, ఆటలో పేర్లతో పిలుచుకుంటుంటే బంధువులు వింతగా చూశారు. అన్న ఆలస్యంగా వచ్చాడు. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి వచ్చేశాడు. సార్ ఫొటో దగ్గర నిలబడి, మొదటిసారి ఆ మొహం చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఇంత బక్కగున్నడేంది తమ్మీ? నేను మంచిగ లావుగ ఉంటడనుకున్న."

"పెరుగు ప్యాకెట్ల పెరుగే తినేటోడన్నా."

నవ్వబోయి ఆపుకున్నాడు. ఫొటో కేసే చూస్తూ అడిగాడు. "మిగిలింది ఏది?"

"ఏం మిగిలింది?"

"సార్ ఒక్క లైనుల ఆపింది ఒక్కపారే, నన్ను తిట్టినప్పుడు. రెండు లైన్లల ఆపింది ఎన్నడు చూడలె. మాఫీ అడగనీకి సార్‌కు రెండు లైన్లు సరిపోతయా? మిగిలింది నీ తాన ఉంది. తియ్యి."

తీసి ఇచ్చాను. అవును, సభ్యులారా. సార్ ఆ రోజు చెప్పింది రెండు వాక్యాలు కాదు. ఆ రెండూ అక్షరం మార్చకుండా ఆయనవే. వాటి కింద ఫిరంగుల మీద, నేల గట్టిపడటం మీద, ఎడ్ల మేత మీద చాలా పెద్ద పేరాలు ఉన్నాయి. పంపించే ముందు వాటిని కత్తిరించి నా ఫోనులో దాచుకున్నాను. అన్న ఆ సెల్లారులో కూర్చుని, కళ్లు చిట్లించుకుని, బొటనవేలితో పైకి జరుపుకుంటూ చదివాడు. పెదవులు కదులుతున్నాయి. "తప్పు... గిది సుత తప్పు... చెరువుల నీళ్లు మర్చిపోయిండు సార్..." పక్కన కూర్చున్న సార్ బంధువు ఒకాయన అది మంత్రమనుకుని చేతులు జోడించాడు.

కత్తిరించినందుకు అన్న నన్ను ఏమీ అనలేదు. అంతా చదివి, ఫోను తిరిగిచ్చి, "మంచిగ రాసిండు" అన్నాడు. కానీ అన్నకి ఇంకా తెలియని సంగతి ఒకటుంది. ఆయన ఇక్కడే చదివి తెలుసుకుంటాడు. నేను కుట్టుమిషన్‌కి అందనంత దూరంలో ఉంటాను.

సార్ ఇంటికొచ్చేశాక ఒక మధ్యాహ్నం, ఎత్తు వేయడం అయిపోయాక, ఉన్నట్టుండి అడిగారు. "ఫిరంగుల గురించి అంత రాశాను కదా. సిరిసిల్ల గారు ఏమీ అనలేదేంటండీ?"

ఆ పేరాలు అన్నకి పంపనేలేదని చెప్పాలి. చెబితే సార్ మళ్లీ మొత్తం చెప్పి, మళ్లీ పంపమంటారు. అన్న జవాబిస్తాడు. టేపు మళ్లీ వస్తుంది, దర్వాజ మళ్లీ వస్తుంది. నాకు ఓపిక లేదు. సార్‌కి ఊపిరి లేదు. ఈ మొత్తం వ్యవహారంలో అటూ ఇటూ మాటలు మోయడం, ఆ కత్తిరింపు కాకుండా నా అంతట నేను, ఎవరూ చెప్పకుండా చేసింది ఇదొక్కటే.

"ఒప్పుకున్నారు సార్" అన్నాను.

"ఒప్పుకున్నారా? సిరిసిల్ల గారే?"

"అవును సార్. ఫిరంగుల విషయంలో మీదే ఒప్పన్నారు."

సార్ కళ్లజోడు తీసి, మడిచి, పెట్టెలో పెట్టి, "పాపం" అన్నారు. అంత సంతోషంగా ఆ మాట అన్నవాళ్లని నేను ఇంకెవర్నీ చూడలేదు. దిండు సర్దుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను ఆయన నిద్రపోయారనుకున్నాను. కానీ దుప్పటి చివర బయటికి వచ్చిన కాలి బొటనవేలు మాత్రం చాలాసేపు అటూ ఇటూ ఆడుతూనే ఉంది.